మార్తమ్మ చేతి నలుగు

గుంటూరు సీమకు పెళ్ళికి వెళ్ళొచ్చానని తెలిశాక మా వీధిలో నన్ను పలకరించనివాళ్ళు లేరు. పెళ్ళి ఎలా జరిగిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. "ఆ కారం ఎలా తిన్నావే?" అనే అందరూ. తిన్నాను, ఏడ్చాను, మళ్ళీ వడ్డించమన్నాను అని చెప్పి తప్పుకుంటున్నాను. అసలు సంగతి వీధిలో నిలబడి చెప్పేది కాదు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను.

పెళ్ళి ఎస్తేరుది. రాజమండ్రిలో టీచరు ట్రైనింగు చదివిన రెండేళ్ళూ మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. పొద్దున్నే నాకు జడ వేయడం దగ్గర్నుంచి రాత్రి లెక్కలు చెప్పడం దాకా అన్నీ తనే చూసుకునేది. ఈ మాఘమాసంలో తన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. శ్రమదినాలు మొదలైతే ఈస్టరు దాకా వాళ్ళ గుళ్ళో పెళ్ళిళ్ళు చెయ్యరట, ఆ లోపే పెళ్ళి పెట్టుకున్నారట, నేనే తోడుపెళ్ళికూతుర్నట. చివర, 'మా అమ్మ నాకు నలుగు పెడుతుంది, అది నువ్వు చూడాలి' అని రాసింది. పెళ్ళికూతురికి తల్లి నలుగు పెట్టడంలో చూడవలసిన వింతేముందో నాకు అర్థం కాలేదు.

మా నాయనమ్మ మాత్రం వేరే లెక్కలో ఉంది. "వాళ్ళింట్లో తింటావుటే?" అంది. "రెండేళ్ళు ఒకే కంచంలో తిన్నాం నాయనమ్మా, ఇప్పుడు కొత్తగా పోయేదేముంది?" అన్నాను. ఆవిడ నన్ను తిట్టాల్సినంతా తిట్టి, ఆ సాయంత్రమే పెళ్ళికూతురికి ఇమ్మని పూతరేకుల డబ్బా తెచ్చి నా సంచిలో పెట్టింది. తిట్టడం, పెట్టడం ఒకే చేత్తో చెయ్యడం ఆవిడకే చెల్లింది.

గుంటూరు: తుమ్ముతో మొదలు

రైలు సంగతి రాయను. రైలు రైలులాగే ఉంది.

గుంటూరు స్టేషను బయట అడుగు పెట్టానో లేదో తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసపెట్టి. ఎదురుగా మిరపకాయల బస్తాలతో నాలుగైదు బళ్ళు వెళ్తున్నాయి. రిక్షా అతను నేను ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, "కొత్తా అమ్మా?" అన్నాడు.

"ఎలా తెలిసిందండీ?"

"తుమ్మినోళ్ళంతా కొత్తోళ్ళే. మా ఊళ్ళో తుమ్మడం మానేసి శానా ఏళ్ళయింది."

బస్టాండు పక్క హోటల్లో రెండు ఇడ్లీలు పదిహేను నయాపైసలు. అడక్కుండానే పక్కన ఎర్రటి కారప్పొడి కుప్ప పోసి, నడుమ గుంట చేసి నెయ్యి పోశారు. మా అమలాపురంలో ఆ కారప్పొడి ఒక ఇంటికి వారం వస్తుంది. ఒక్క ముక్క అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను. మంచినీళ్ళు తెమ్మంటే సర్వరు నీళ్ళతో పాటు ఇంకో గరిటె నెయ్యి తెచ్చాడు. నీళ్ళకు తగ్గదట, నెయ్యికి తగ్గుతుందట. నిజంగానే తగ్గింది. పైసా ఎక్కువ తీసుకోలేదు కూడా.

చిలకలూరిపేట దారిలో

మా వైపు భూమి కనబడదు. కాలవ కనబడుతుంది, వరి కనబడుతుంది, పైన కొబ్బరాకు కనబడుతుంది. ఇక్కడ బస్సు కిటికీలోంచి చూస్తే నేలంతా నల్లగా, పగుళ్ళతో, దాచుకోకుండా కనబడుతోంది. ఆ నల్లటి మీద ఒక చోట పత్తి తెల్లగా విచ్చి ఉంది, ఇంకో చోట మిరపపండ్లు ఎర్రగా వేలాడుతున్నాయి. నీళ్ళ చుక్క లేని నేలలో ఇన్ని రంగులు ఎలా పండుతాయో నాకు తెలియదు.

చిలకలూరిపేటలో ఒకామె ఏడాది బిడ్డతో ఎక్కి నా పక్కన కూర్చుంది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుంది గాని చేతులతో పట్టుకోలేదు. రెండు మోచేతులు దగ్గరగా చేర్చి వాటి మధ్య అదిమి ఉంచింది. వేళ్ళు మాత్రం గాలిలోకి దూరంగా పెట్టింది. కాసేపటికి బిడ్డ ముక్కు కారింది.

"ఏమీ అనుకోమాకమ్మా. మీ చేత్తో కాస్త వాడి ముక్కు తుడవరా?" అంది. "నాయి కారం చేతులు. ఇప్పుడే మిరప చేలోంచి వస్తన్నా."

తుడిచాను. తరవాత నేనే ఎత్తుకున్నాను. ఆమె దిగేదాకా బిడ్డ నా ఒళ్ళోనే నిద్రపోయాడు. దిగేటప్పుడు కూడా మోచేతులే చాపింది. ఎంత ఒడుపుగా అందుకుందంటే, ఆమెకు ఇది రోజూ ఉన్నదేనని తెలిసిపోయింది. ఆ సంగతి అప్పటికి అంతటితో మరిచిపోయాను.

ఎస్తేరు ఇల్లు

మార్టూరు దాటాక ఒక మలుపు దగ్గర దిగాను. ఎస్తేరు నాన్న యోహాను గారు ఎడ్లబండి కట్టుకొచ్చి తుమ్మచెట్టు నీడన కూర్చుని ఉన్నాడు.

"కోనసీమ పంతులమ్మగారేనా?"

"ఆయ్, నేనేనండి."

ఆయన ముఖం విప్పారింది. "ఈ మాట కోసమే పొద్దుటినుంచి కూకున్నానమ్మా. మీరు ఆయ్ అంటారని మా అమ్మాయి చెప్పింది." ఆ తరవాత దారి పొడుగునా ఎండగా ఉందా, దాహంగా ఉందా, బండి కుదుపుతోందా అని అడుగుతూనే ఉన్నాడు. నేను ఆయ్ అన్నప్పుడల్లా ఎద్దుల వైపు తిరిగి నవ్వుకున్నాడు.

ఊరు దాటి ఇంకొంచెం వెళ్తే వాళ్ళ పేట. సున్నం కొట్టిన చిన్న గుడి, దాని చుట్టూ తాటాకు ఇళ్ళు. ఇళ్ళ పక్కనే అందరికీ కలిపి ఒక కల్లం. అక్కడ మిరపకాయలు ఎండుతున్నాయి. ఎవరో ఎర్ర జంపఖానాలు వరసగా పరిచినట్టుంది. తుమ్ముదామనుకుని సిగ్గుపడి ఆపుకున్నాను.

ఎస్తేరు పరుగెత్తుకొచ్చి మెడ చుట్టేసింది. దాని వెనక వాళ్ళమ్మ మార్తమ్మ. సన్నగా, పొడుగ్గా, ఎండకు బాగా నల్లబడ్డ మనిషి. నా వైపు రెండడుగులు వేసి ఠక్కున చేతులు వెనక్కి పెట్టుకుంది. మరుక్షణం తనలో తనే నవ్వుకుని, ఆ చేతులు ముందుకు తెచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"అలవాటమ్మా. ఇప్పుడు పట్టుకోవచ్చు. నా చేతులు శుభ్రంగా ఉండయ్."

సాయంత్రం ఎస్తేరు చెబితే గాని నాకు ఈ చేతుల సంగతి పూర్తిగా తెలియలేదు. మిరపకాయలు కోసేవాళ్ళ చేతుల్లోకి కారం దిగిపోతుంది. సబ్బుకు పోదు, బూడిదకు పోదు. కోతల కాలమంతా తల్లులు పిల్లల ముఖం ముట్టుకోరు. ఎస్తేరును ఆరేళ్ళకే మిషన్ బోర్డింగులో వేశారు. క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చేసరికి ఇక్కడ కోతలు మొదలయ్యేవి. వేసవి సెలవులకు వస్తే గోదాముల్లో తొడిమలు తీసే పని. దసరాకు కారం ఉండదు గాని వానలకు నల్లరేగడి దారిలో బండి దిగబడుతుందని బోర్డింగులోనే ఉంచేసేవారు.

"మా అమ్మ నాకు తల దువ్విన గుర్తు లేదు లక్ష్మీ," అంది ఎస్తేరు. "దువ్వెన తెచ్చి ముందర పెట్టి, నువ్వు దువ్వుకో, నేను చూస్తా అనేది. జొరమొస్తే కూడా నుదురు మా నాన్నే చూసేవాడు."

రెండేళ్ళు పొద్దున్నే నాకు జడ వేసిన మనిషి. ఏనాడూ ఈ మాట చెప్పలేదు. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మార్తమ్మ మాత్రం ఈ ఒక్కసారికి పంతం పట్టింది. పెళ్ళికి నలుగు తానే పెట్టాలని, క్రిస్మస్ వెళ్ళిన దగ్గర్నుంచి మిరప చేలోకి అడుగు పెట్టలేదు. కూలి తక్కువైనా పత్తి తీతకే వెళ్ళింది. వంటకు కారం దంచడం, కూరలో వెయ్యడం అంతా యోహాను గారే. రోజూ పొద్దు వాలే వేళకు చేతులు మజ్జిగలో నానబెట్టుకుని, చూపుడువేలు కంటి రెప్పకు రాసుకుని చూసుకుంటుందట. మొదట్లో నీళ్ళు ధారగా వచ్చేవట. రానురాను తగ్గాయి. ఆ సాయంత్రం నా ముందే రాసుకుంది. మేమందరం దగ్గరికి జరిగి చూశాం. రెప్ప తడవలేదు.

"మార్తమ్మయి దొరసాని చేతులైనయ్," అని పొరుగామె మేలమాడింది. మార్తమ్మ ఆ చేతులను దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "రేపు పొద్దున్నే," అంది. ఇంకెవరితోనూ కాదు, తనతో తనే.

యోహాను గారు వండిన వంకాయ కూర తిని నేను ఒక చెంబెడు మజ్జిగ తాగాను. "కారం తక్కువయిందా అమ్మా?" అన్నాడాయన. ఆయ్ అని కూడా అనలేకపోయాను.

ముహూర్తం లేని పెళ్ళి

మా వైపు పెళ్ళంటే ఇంట్లో అందరి కళ్ళూ గడియారం మీదే. ముహూర్తం దాటితే ఆకాశం విరిగి పడుతుందన్నట్టు ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. ఇక్కడ ఆ గోలే లేదు. పెళ్ళెప్పుడని అడిగితే, "అందరూ వచ్చినాక గంట కొడతారు," అన్నారు. అందరూ అంటే ఎవరంటే, "రావాల్సినోళ్ళు," అన్నారు. మొదటి గంటకు తయారవ్వాలి, రెండో గంటకు బయల్దేరాలి, మూడో గంటకు గుళ్ళో ఉండాలి. మధ్యలో ఎంత సేపైనా పట్టొచ్చు.

పొద్దున్నే మగవాళ్ళంతా బళ్ళు కట్టుకుని ఒంగోలు నుంచి వచ్చే పెళ్ళివారి కోసం రోడ్డు మీదికి వెళ్ళారు. పెళ్ళికొడుకు శామ్యూలు అక్కడ ఆసుపత్రిలో కాంపౌండరు. పందిట్లో ఆడవాళ్ళం మిగిలాం. మగవాడంటూ ఉన్నది సుభానీ ఒక్కడే. పక్కింటి ఆయన. కౌలుకు అర ఎకరం మిరప వేస్తాడు, చుట్టుపక్కల ఏ మతం వాళ్ళ పెళ్ళయినా వంటకు ఆయనే. పులావు గుండిగలు మూడు రాళ్ళ పొయ్యిల మీద ఎక్కించి, గరిటె భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. ఆయన భార్య నెలలోపు బాలింత. కారం ముట్టకూడదు కనుక ఇంట్లోంచి బయటికి రాలేదు.

పెళ్ళిరోజని మిగతావాళ్ళు తమ కాయలను ముందే కుప్ప చేసి పైన గోతాలు కప్పేశారు. సుభానీ ఒక్కడే, ఎలాగూ ఇక్కడే వండుతుంటాను గదా, ఒక కన్ను వేసి ఉంచుతానని, ఎండ రాగానే తన కాయలు కల్లం నిండా పరిచాడు.

మీకు ఇంకో మాట చెప్పాలి. వాళ్ళ అయ్యగారికి, అంటే గుడి పాస్టరు గారికి, నలుగంటే గిట్టదు. పాత అలవాట్లు వదలమని ప్రసంగాల్లో చెబుతాడట. అందుకే పెళ్ళిరోజు పొద్దున ఆయన ఈ వైపు రాడు. వస్తే చూడాలి, చూస్తే మందలించాలి. మంచి మనిషి కనుక రాడు.

మబ్బు

ఎస్తేరును పీట మీద కూర్చోబెట్టారు. సున్నిపిండి, పసుపు, నువ్వుల నూనె ఇత్తడి గిన్నెలో కలిపి పెట్టారు. మార్తమ్మ తలస్నానం చేసి, కొత్త నేత చీర కట్టుకుని, కూతురి ఎదురుగా కూర్చుంది. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఆవిడ గిన్నెలోకి చెయ్యి పెట్టబోతుండగా పందిట్లో వెలుగు తగ్గింది.

తలెత్తి చూస్తే దక్షిణం వైపు నుంచి నల్లటి మబ్బు. ఆ కాలంలో అక్కడ వాన పడదు. పడితే మాత్రం, ఎండుతున్న కాయ తడిసి నల్లబడుతుంది, ఏడాది కష్టం ఒక్క పూటలో కుళ్ళిపోతుంది. పాట ఆగిపోయింది.

సుభానీ అప్పుడే బియ్యం ఎసట్లో పోశాడు. పొయ్యి దగ్గర్నుంచి కదిలితే మూడు ఊళ్ళ చుట్టాల తిండి అడుగంటుతుంది. ఆయన కల్లం వైపు చూశాడు, గుండిగ వైపు చూశాడు, మళ్ళీ కల్లం వైపు చూశాడు. ఎవర్నీ పిలవలేదు. పెళ్ళి ముస్తాబులో ఉన్న ఆడవాళ్ళను ఏమని పిలుస్తాడు?

మార్తమ్మ లేచింది.

"అక్కా, నువ్వొద్దు," అని సుభానీ కేకేశాడు. "నువ్వుండవే, మేం పోతాం," అని ఎస్తేరు పిన్ని చెయ్యి పట్టుకుంది. మార్తమ్మ విడిపించుకుని కల్లం వైపు పరుగెత్తింది. ఎస్తేరు కూడా లేవబోతే, నలుగు పీట దిగకూడదని ముసలమ్మలు ఇద్దరు భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు. మిగతావాళ్ళం అందరం మార్తమ్మ వెనక పరుగెత్తాం. పట్టుచీరతో నేనూ.

పారలు లేవు, చేటలు లేవు, వెతికే వ్యవధి లేదు. చేతులతోనే కాయలను దగ్గరికి తోశాం. దుమ్ము లేచింది. ఒకరి దగ్గు ఒకరికి అంటుకుంది. మార్తమ్మ అందరికంటే ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ బార చాపి కాయలను ఒళ్ళోకి లాక్కుంటూ కుప్ప వేస్తోంది. పది మంది కలిసి గోతాలు, తాటాకు చాపలు కప్పేసరికి చినుకు పడింది.

నాలుగు చినుకులు. అంతే. మబ్బు సముద్రం వైపు వెళ్ళిపోయింది, ఎండ ఎప్పటిలాగే కాసింది.

నేను హమ్మయ్య అనుకుని ముఖం మీద చెమట తుడుచుకున్నాను. ఆ తరవాత కాసేపు నాకేమీ కనబడలేదు. ఎవరో నన్ను నడిపించుకెళ్ళి కళ్ళలో పాలు పోశారు. నా అరుపులకు అందరూ నవ్వారు. కళ్ళు తెరిచేసరికి ఆ నవ్వులు ఆగి ఉన్నాయి. మార్తమ్మ కల్లం మధ్యలో నిలబడి తన చేతుల వంక చూసుకుంటోంది.

నలుగు

సుభానీ గరిటె పట్టుకునే వచ్చాడు. "ఏందక్కా ఇట్టా చేశావు? పోతే నా కాయలు పోయేయి."

"పోతే పోయేయా? ఏడాది పొడుగునా నువ్వు మోసిన నీళ్ళు నేను చూడలా?" అంది మార్తమ్మ. "పో, అన్నం చూసుకో." ఆయన వెళ్ళలేక వెళ్ళాడు.

ముసలమ్మలు తలా ఒక వైద్యం తెచ్చారు. ఒకరు మజ్జిగ, ఒకరు చింతపండు, ఒకరు ఆముదం. మార్తమ్మ అన్నిటితోనూ కడిగింది. కడిగినప్పుడల్లా వేలు రెప్పకు రాసుకుంది. రాసుకున్నప్పుడల్లా కన్ను ధార కట్టింది. ఇంకోసారి కడిగింది. బళ్ళు వస్తున్న చప్పుడు వినబడింది. పెళ్ళివారు వచ్చేశారు. గుళ్ళో మొదటి గంట కొట్టారు.

మార్తమ్మ చేతులు తుడుచుకుని పీట దగ్గరికి వచ్చింది గాని కూర్చోలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని నిలబడింది.

"మీ పిన్ని పెడతది తల్లీ. పెట్టించుకో. ఎవరు పెడితే ఏంది, అందరూ మనోళ్ళేగా."

"నువ్వే పెట్టాల," అంది ఎస్తేరు.

"మొకం మండిపోద్దే. కళ్ళెంబడి నీళ్ళు కారతయ్. పెళ్ళోళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"పెళ్ళికూతురు ఏడిస్తే ఎవరన్నా ఏమన్నా అనుకుంటారా అమ్మా?"

"ఎర్రగా కంది పోతదే. నా మాట విను."

"నేను ఈ పీట మీంచి లేవను. గంట కొట్టుకుంటే కొట్టుకోనీ."

పిన్ని చేతిలో గిన్నె ఉంది. ఆమె దాన్ని మార్తమ్మ ముందు పెట్టి పక్కకు జరిగింది. చివరకు మార్తమ్మ కూర్చుంది.

పాదాల దగ్గర మొదలుపెట్టింది. వేళ్ళ సందుల్లో, మడమల మీద నెమ్మదిగా రాసింది. మోచేతులకు రాసింది. భుజాలకు రాసింది. ముఖం ముట్టుకోలేదు. పిండి అయిపోయిందని గిన్నె పక్కకు పెట్టబోయింది. పిండి ఇంకా సగం ఉంది. ఎస్తేరు కళ్ళు మూసుకుని ముఖం ముందుకు పెట్టింది.

మార్తమ్మ రెండు అరచేతులూ కూతురి చెంపల మీద పెట్టింది. పెట్టి, రుద్దడం మరిచిపోయింది. అలాగే పట్టుకుని ఉండిపోయింది. తరవాత బొటనవేళ్ళతో నుదురు తడిమింది, కనుబొమలు తడిమింది, చెవుల వెనక తడిమింది. ఎస్తేరు మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అది మంటో, మరొకటో నాకు తెలియదు. తల్లికీ కారుతున్నాయి. నాకూ ఏడుపొచ్చింది. కారమని చెప్పుకునే వీలు ఉంది కనుక హాయిగా ఏడ్చాను.

గుళ్ళో

మూడో గంట తరవాత చాలాసేపటికి మేం గుళ్ళోకి వెళ్ళాం. ఎవరూ విసుక్కోలేదు. తెల్లచీర, తెల్ల ముసుగు, మల్లెదండ, వాటి మధ్య మిరపపండులాంటి ముఖం. నేను పక్కన నడుస్తూ ముసుగు కిందినుంచి దాని కళ్ళు తుడుస్తున్నాను. తుడిచిన కొద్దీ ఎక్కువైంది.

ఒంగోలు వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శామ్యూలు పెదవులు ఎండిపోయాయి. అయ్యగారు ప్రమాణాల దాకా వచ్చి ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి, "అమ్మాయ్, నిన్నెవరూ బలవంత పెట్టలేదు గదా? దేవుని సన్నిధిలో ఉన్నావు. భయపడకుండా చెప్పు," అన్నాడు.

ఎస్తేరు ముక్కు ఎగబీల్చి, గట్టిగానే చెప్పింది. "లేదయ్యగారూ. మా అమ్మ నలుగు పెట్టిందండి."

పేటంతా ఒక్కసారి నవ్వింది. అయ్యగారు గిట్టని మాట విన్నట్టు మొదట దగ్గాడు గాని ఆయనకూ నవ్వు ఆగలేదు. ఒంగోలు వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడానికి కాసేపు పట్టింది. శామ్యూలుకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో రుమాలు తీసి పెళ్ళికూతురి ముఖం తుడిచి, అదే రుమాలుతో తన చెమట కూడా తుడుచుకున్నాడు. ఆ తరవాత ప్రమాణాలు ఇద్దరూ ఏడుస్తూనే చెప్పారు.

నేను వెనక్కి తిరిగి చూశాను. మార్తమ్మ చివరి వరసలో, చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది. అందరికంటే ఎక్కువ నవ్వుతోంది.

భోజనాలు

భోజనాలకు వరసలూ లేవు, మర్యాదల పేచీలూ లేవు. ఎవరికి ఎక్కడ నీడ దొరికితే అక్కడ విస్తరి. పెళ్ళికొడుకు మేనమామ హార్మోనియం ముందేసుకుని కీర్తనలు పాడితే, పిన్ని ఆయన బట్టతల మీద అప్పటికప్పుడు పాట కట్టి బదులు పాడింది. అయ్యగారు రెండో సారి పులావు అడిగి వేయించుకున్నాడు. మూడో సారి అడక్కుండానే వేశారు.

సుభానీ పులావు మా వైపు ఏ వంటవాడూ వండలేడు. మాంసం నోట్లో కరిగింది, పక్కన గోంగూర పచ్చడి నాలుకను పీకింది. మధ్య మధ్య నాకోసం ప్రత్యేకంగా పంచదార వేసిన పెరుగు. నాయనమ్మ పూతరేకులు విస్తళ్ళలో వేస్తే, పై కాగితం తీసి తినాలేమోనని ఒక ముసలాయన పొరలు ఒలుస్తూ కూర్చున్నాడు. అదే తినేదని చెబితే నమ్మలేదు.

సుభానీ చివర తను తినకుండా, గిన్నె నిండా పులావు పట్టుకెళ్ళి మార్తమ్మ ముందు పెట్టాడు. "తినక్కా," అన్నాడు. ఆవిడ తినడం మొదలుపెట్టాకే తన విస్తరి వేసుకున్నాడు.

ఒంగోలు

పెళ్ళికూతురికి తోడుగా నేనూ వాళ్ళతోనే ఒంగోలు బస్సు ఎక్కాను. అప్పగింతల వేళ మార్తమ్మ చేతులు మళ్ళీ వెనక్కి వెళ్ళాయి. అలవాటు ఎక్కడికి పోతుంది. ఎస్తేరే వాటిని వెనకనుంచి లాగి తన చెంపలకు ఆనించుకుంది. యోహాను గారు నా దగ్గరికి వచ్చి ఏదో అడుగుదామని నోరు తెరిచి, అడగలేక కండువా కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. అడగకపోయినా, ఆయ్ వెళ్ళొస్తానండి అన్నాను.

ఒంగోలు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. శామ్యూలు అమ్మగారు వాకిట్లోనే మమ్మల్ని ఆపి, దీపం ఎత్తి కోడలి ముఖం చూసింది. చెంపలు ఇంకా కంది ఉన్నాయి. గబగబా లోపలికి వెళ్ళి చల్లటి మజ్జిగ గిన్నె, మెత్తటి గుడ్డ తెచ్చింది.

"అయ్యో తల్లీ, ఇంత మంటతో ఎట్టా కూచున్నావు? రా, ముందు మొకం కడుక్కో. ఒక్కసారికే దిగిపోద్ది."

ఎస్తేరు గిన్నె వైపు చెయ్యి చాపలేదు. చెంప మీద వేలు పెట్టుకుని నెమ్మదిగా అంది:

"రేప్పొద్దున కడుక్కుంటానత్తయ్యా. మా అమ్మ చెయ్యి ఇంకా తెలుస్తా ఉంది."

ఆవిడ ఒక్క క్షణం కోడలి వంక చూసింది. తరవాత గుడ్డ మడిచి పక్కన పెట్టి, ఆ మజ్జిగలోనే ఉప్పు వేసి, రెండు గ్లాసుల్లో పోసి మా ఇద్దరికీ తాగమని ఇచ్చింది.